ఎర గది

చీకటి ఇంకా దిబ్బ మీంచి లేవలేదు.
దోణి అడుగున గుడ్డపీలికలు చుట్టిన బిరడాలు
ఒక్కొక్కటీ ఊడబెరుకుతున్నాడు మూసా బే.
పడవకి చిల్లి పడితే ఎక్కడైనా గగ్గోలే.
మేం మాత్రం చేతులారా చిల్లులు తెరిచి
సముద్రాన్ని లోపలికి రమ్మంటాం,
మోకాలి లోతు దాకా,
చుట్టానికి చాప పరిచినట్టు.

నా పేరు అఫ్లాహ్. పదహారేళ్లు.
నీళ్లలోకి దూకేది నేనే,
నాకు భార్యా లేదు, కీళ్లనొప్పులూ లేవు కాబట్టి
అంటాడు కేయొళు, మా పడవ పెద్ద.

నాలుగు మూలలా నాలుగు గెడలు,
మధ్యలో వల దుప్పటిలా దిగుతుంది.
నిన్నటి సూర చేప తలకాయ దంచి
గుడ్డలో మూటకట్టి నీళ్లలో పిండుతాను.
పాలు విరిగినట్టు ఒక మబ్బు.
ఆ మబ్బులోకి వస్తాయి రెహి,
వేలెడంత లేవు, పక్కన వెండి జరీ గీత,
నెత్తళ్లకి చిన్న చెల్లెళ్లు.
ఒకటి తిరిగితే వెయ్యి తిరుగుతాయి.
ఏది ముందు తిరిగిందో
ఈత అద్దాల్లోంచి రెండేళ్లుగా చూస్తున్నాను,
ఇంకా పట్టుకోలేదు.

ఎత్తండని అరవకూడదు. తాడు రెండుసార్లు లాగాలి.
వల పైకి లేస్తుంటే కింద నేను
చేతులు చాచి, కాళ్లాడించి,
కోళ్లను గూట్లోకి తోలే ముసలమ్మలా
అంచు దాటబోయేవాటిని మళ్లేస్తాను.

చేత్తో తాకకూడదు.
తాకితే పొలుసు రాలుతుంది,
రాలితే గంటలో వెల్లకిలా తేలుతుంది.
బకెట్టుతో ముంచి, నీళ్లతో సహా ఎత్తి,
నీళ్లతో సహా గదిలో ఒంపాలి.
చంపబోయేవాటి మీద ఇంత జాగ్రత్తేమిటని
మొదటి నెలలో అడిగాను.
మూసా బే బదులు చెప్పలేదు.
రెండో బకెట్టు అందించాడు.

తర్వాతి పని ఎర విసిరే యూనుస్‌ది.
గుప్పెడు ఎక్కువైతే ఎర అయిపోతుంది,
చిటికెడు తక్కువైతే సూర గుంపు వెళ్లిపోతుంది.
ఇంట్లో ఉప్పు కూడా అలాగే వేస్తాడట,
కూర వైపు చూడకుండా.
వాళ్లావిడ చెప్తుంది.

ఆ గురువారం పక్షుల్లేవు.
పైన పక్షి లేకపోతే కింద సూర లేదు.
తేలే దుంగ ఒకటి కనబడితే పరుగెత్తాం,
దాని కింద దాని నీడే ఉంది.
గాలపు గెడలు కప్పు మీద ఎండిపోయాయి.
డీజిలు ముల్లు ఒక్కటే పని చేసింది, కిందికి.

నాలుగింటికి కూడా ఎర గదిలో అవి తిరుగుతూనే ఉన్నాయి,
ఎడమ నుంచి కుడికి.
పొద్దుటినుంచి ఎంత దూరం ఈదాయో!
దోణి వెళ్లిన దూరం అందులో కలపాలా, వద్దా?

"రాత్రికి చచ్చి కంపు కొడతాయి, వదిలెయ్"
అన్నాడు కేయొళు, దిబ్బ దగ్గర ఇంజను ఆపి.
బకెట్టుతో ముంచి, నీళ్లతో సహా,
ఎలా తెచ్చానో అలాగే ఒంపాను.
ఎవరూ చెప్పకపోయినా అద్దాలు పెట్టుకుని దూకాను,
వెళ్లడం చూద్దామని.

వెళ్లలేదు.
దోణి అడుగున, నీడ అంచు దాకా పరుచుకుని
ఆ నీడ ఆకారంలోనే తిరుగుతున్నాయి,
ముక్కు దగ్గర సన్నగా, నడుమున లావుగా,
లోపలున్నప్పుడు తిరిగిన వైపే.

చేత్తో తోలాను. మొదటిసారి తాకాను.
చూపుడువేలికి ఒక పొలుసు అంటుకుంది.

పైకొచ్చాక మూసా బే తువ్వాలు విసిరి
"వెళ్లాయా?" అన్నాడు.
"రేపు దూరం పోనక్కర్లేదు" అన్నాను.
అతను నవ్వాడు. కేయొళు కూడా నవ్వాడు,
ఆ రోజు మొత్తానికి అదొక్కసారే.

నాకు నవ్వు రాలేదు.
టీ ఎడమచేత్తో తాగుతున్నానని
యూనుస్ తిట్టాడు.
కుడిచేతి వేలు మీద అది ఇంకా ఆరలేదు.